సీమ సినిమాకు మన యాసలో కామెడీ ఆడియో ట్రాక్ ఎలా చేయాలి?

టీవీలో సీమ సినిమా వస్తుంటే ఇంట్లో ఎవరో ఒకరు పక్కనుంచి సెటైర్లు వేస్తూనే ఉంటారు. వాటినే రాసుకుని, రికార్డు చేసి, సినిమాతో పాటు వినేలా ఎంపీ3గా ఇస్తే అదే కామెడీ కామెంటరీ ట్రాక్. అమెరికాలో రిఫ్‌ట్రాక్స్ అనే సంస్థ 2006లో ఈ దారిలోనే మొదలైంది. సినిమా మీరు తెచ్చుకోండి, మా గొంతులు డౌన్‌లోడ్ చేసుకోండి అన్నారు. కిటుకంతా అక్కడే ఉంది. మీ ఫైలులో సినిమా డైలాగు గానీ పాట గానీ ఉండకూడదు. వెనకాల టీవీ సౌండు సన్నగా పడినా కాపీరైటు తలనొప్పే.

సినిమా కంటే ముందు ప్రింటు తేల్చుకోండి

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఒకే సినిమా ఓటీటీలో ఒక నిడివి, టీవీలో ఇంకో నిడివి, డీవీడీలో మరో నిడివి ఉంటుంది. పాల్ (PAL) అనే టీవీ ప్రమాణం పద్ధతి డీవీడీ సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తుంది, థియేటర్ ప్రింటు 24తో. 150 నిమిషాల సినిమా ఆ డీవీడీలో 144 నిమిషాలకే అయిపోతుంది. అంటే థియేటర్ ప్రింటుకు చేసిన ట్రాక్ దానికి పెడితే క్లైమాక్స్‌కు మీ జోకు ఆరు నిమిషాలు వెనకబడుతుంది. సెకనుకు 24 ఫ్రేములకూ 23.976 ఫ్రేములకూ మధ్య తేడా చూడ్డానికి ఏమీ లేనట్టే ఉన్నా అదే సినిమాకు 9 సెకన్లు వస్తుంది. జోకు చావడానికి ఒక్క సెకను చాలు. అందుకే ఏ ప్రింటుకు చేశారో, దాని నిడివి ఎంతో ఫైలు పేరులోనే రాయండి.

రాయడం

సినిమా మూడుసార్లు చూడండి. మొదటిసారి ఊరికే. రెండోసారి ఆపుకుంటూ, డైలాగుల మధ్య ఖాళీ ఎక్కడుందో టైముతో సహా కాగితం మీద ఎక్కించండి: 00:14:32 నుంచి 4 సెకన్లు, ఇలా. మూడోసారి జోకులు రాయండి. నాలుగు సెకన్లలో ఏడెనిమిది మాటలకు మించి పట్టవు, కాబట్టి రాసిన ప్రతిదీ గడియారం పెట్టుకుని పైకి చదవాలి. ఉదాహరణకు తెరమీద కడప అని పడి, వెనకాల కొబ్బరితోటలు కనపడ్డాయి. “ఇది కడపంట, మరి ఈ కొబ్బరిచెట్లన్నీ యాడినించి వచ్చినాయి ప్పా, కోనసీమ బస్సెక్కినాయా?” అంటే అది ముగిసేలోపు విలన్ మాట్లాడేస్తాడు. “కడపంట. కోనసీమ యాడ దిగిందబ్బీ?” చాలు.

నిమిషానికి రెండు మూడు జోకులు సరిపోతాయి. అంతకు మించితే వినేవాళ్లకు నవ్వే తీరిక ఉండదు. మంచి కామెడీ సీనుంటే నోరు మూసుకోండి, నవ్వు మీద నవ్వు పేర్చకూడదు. మీ పంటంతా గంభీరమైన సీన్లలోనే.

సరుకు కోసం బూతులు వెతుక్కోనక్కర్లేదు, ఊరి సంగతులే బోలెడు. కథ అనంతపురంలో, హీరో నిలబడింది కొండారెడ్డి బురుజు ముందు: “టీ తాగను కర్నూలొచ్చినాడు, 150 కిలోమీటర్లే కదా!” టాటా సుమో మార్కెట్‌లోకి వచ్చింది 1994లో. 80ల నాటి ఫ్లాష్‌బ్యాక్‌లో సుమోలు గాల్లోకి లేస్తే అదొక జోకు. బ్రిటిష్ దొర 1900లోనే “రాయలసీమ” అన్నాడనుకోండి, ఆ పేరు 1928లో నంద్యాల సభలో పెట్టింది, అదింకొకటి. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన పడే అనంతపురంలో ప్రతి ఫైటుకూ కుండపోత వాన: “చెరువుకు గండి పడింది, పక్కకు రాండ్రా!” నటుల కులం, ఇంటి ఆడవాళ్లు, ఒంటి రంగు జోలికి పోవద్దు. నవ్వు పుట్టదు, పరువు నష్టం కేసు మాత్రం పుట్టొచ్చు.

రికార్డింగ్

ఇద్దరో ముగ్గురో ఉంటే బాగుంటుంది. ఒక్క గొంతు రెండున్నర గంటలు వినడం కష్టం. ఒక్కొక్కరికి ఒక మైకు, నోటికి జానెడు దూరంలో. సినిమా సౌండు అందరికీ హెడ్‌ఫోన్స్‌లోనే రావాలి.

మన దగ్గర అసలు శత్రువు ఫ్యాను. మార్చి దాటితే ఫ్యాను లేకుండా కూర్చోలేం, వేస్తే ఆ గుయ్‌మనే మోత మైకులో పడుతుంది. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు లోపల, 15 నిమిషాల ముక్కలుగా చేయండి. ముక్కకూ ముక్కకూ మధ్య ఫ్యాను వేసుకోవచ్చు. ఖాళీ గదిలో గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది, కాబట్టి మైకు వెనకా పక్కలా బొంతలు వేలాడదీయండి. చిన్న ముక్కలతో ఇంకో లాభం, కరెంటు పోయినా పోయేది 15 నిమిషాల పనే.

ప్రతి ముక్క మొదట్లో ఐదు సెకన్లు మౌనంగా ఉండండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్‌కు (మోత తగ్గించడానికి) ఆ మౌనమే నమూనా. ఆ తగ్గింపును 6 నుంచి 12 డెసిబెల్స్ మధ్యే ఉంచండి. ఎక్కువైతే నీళ్లలో మునిగి మాట్లాడినట్టుంటుంది. రికార్డు చేసేటప్పుడు సౌండు స్థాయి చూపే మీటరు మైనస్ 12కూ మైనస్ 6 డెసిబెల్స్‌కూ మధ్య ఆడాలి. సున్నాను తాకి పగిలిన గొంతును తర్వాత బాగుచేయలేరు.

సింక్

సినిమా సున్నా సెకను నుంచి లెక్క పెట్టొద్దు. పొగాకు హెచ్చరికలు, కంపెనీ లోగోలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మొదటి డైలాగును గుర్తుగా పెట్టుకోండి: “ముసలాయన ‘ఒరేయ్’ అన్న క్షణాన సినిమా ఆపండి, మా బీప్ వినగానే ప్లే నొక్కండి” అని ట్రాక్ మొదట్లో చెప్పాలి.

మన సినిమాలకు ఇంటర్వెల్ కార్డు ఉండడం వరం. ట్రాక్‌ను అక్కడ రెండు ఫైళ్లుగా విరవండి. తేడా పేరుకుపోదు. 20 నిమిషాలకోసారి ఒక గుర్తు కూడా చెప్పండి: “సుమో డోరు వేసినప్పుడు మా చప్పట్లు వినపడాలి, లేకపోతే సర్దుకోండి.” పాటలు దాటేయమని చెప్పేటట్టయితే పాట అయిపోయాక ఎక్కడ నుంచి ఎక్కాలో మళ్లీ బీప్ పెట్టాల్సిందే.

ఫైలు

మోనో (ఒకే ఛానెల్), సెకనుకు 64 కిలోబిట్ల (కేబీపీఎస్) ఎంపీ3. మాటలకు అది చాలు. 150 నిమిషాలకు 72 ఎంబీ అవుతుంది. 128 పెడితే సైజు రెట్టింపు, వినికిడిలో తేడా నామమాత్రం.

వినేవాళ్లకు రాయాల్సిన చీటీ

సినిమా టీవీలో, ట్రాక్ ఫోనులో పెట్టుకోమనండి. రెండూ కలిపి కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో పెట్టి చూసే తెలివిగలవాళ్లుంటారు, కానీ అందులో ఒక ఆడియో పలికితే రెండోది పలకదు. బ్లూటూత్ స్పీకరు పావు సెకను దాకా ఆలస్యం చేస్తుంది, వైరు మేలు. పంపే ముందు ఈ చీటీని సినిమా చూడని ఒకరికిచ్చి, పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ మొహం చూస్తారో ఆ వాక్యం తిరగరాయండి.