తోక స్పార్‌లో పగుళ్లు – పాఠం 4: కొస ఎక్కడుందో పట్టుకోవడం

కిందటి పాఠంలో విమానం తోక అడ్డరెక్క, అంటే హారిజాంటల్ స్టెబిలైజర్‌ని విప్పి బల్ల మీదికి తెచ్చాం. ఈసారి డ్రిల్లు పట్టుకునేది చివర్లోనే, అదీ ఒక్క బొక్క కోసం. తొందరపడేవాళ్లకి విసుగ్గానే ఉంటుంది మరి.

మన ఉదాహరణ, కిట్ కొని సొంతంగా కట్టుకునే చిన్న విమానం ఆర్‌వీ-7. ఈ కుటుంబం విమానాల్లో హారిజాంటల్ స్టెబిలైజర్ ముందువైపు స్పార్ (లోపల బరువు మోసే దూలం లాంటి భాగం) పగులుతోందని కిట్ తయారుచేసే వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ 2014 జనవరి 31న సర్వీస్ బులెటిన్ (తనిఖీ, రిపేరు సూచనల కాగితం) ఇచ్చింది. అది ప్రింటు తీసి బల్ల మీద పెట్టుకోండి. పగులు ఎంతవరకు ఉంటే బాగుచేయొచ్చు, ఎంత దాటితే స్పార్ మార్చాలి అన్నది అందులో రాసినట్టే. నా మాటకీ దానికీ తేడా వస్తే నా మాట వదిలేయండి.

స్పార్ మధ్య భాగంలో, ఫ్లాంజి (మడిచిన రేకు అంచు) వంపు దగ్గర రేకుని కత్తిరించి ఇచ్చిన గాటు ఉంటుంది. ముందు చూడాల్సింది అక్కడే. షాంపూ ప్యాకెట్టు అంచున చిన్న గాటు పెట్టి అమ్ముతారు కదా, అక్కడ పట్టుకుంటేనే చిరుగుతుంది. రేకు అంచున పదునైన మూల మిగిలినా అంతే, లాగుడంతా అక్కడికే చేరుతుంది. పైగా ఉక్కుకి ఒక హద్దుంది, ఆ లోపు బరువు ఎన్నిసార్లు వేసినా తట్టుకుంటుంది. అల్యూమినియంకి ఆ హద్దు లేదు. చిన్న అదురు కూడా లెక్కలోకి వెళ్తూనే ఉంటుంది.

ముందు టార్చి, పది రెట్ల భూతద్దం. టార్చిని ఎదురుగా కొట్టకండి, రేకుకి దాదాపు ఆనించి పక్క నుంచి వేయండి. పగులు ఉంటే సన్నటి నల్ల గీత కనబడుతుంది. ఆ గీత ప్రైమర్‌దే కావచ్చు, లోహం బాగానే ఉండొచ్చు. అందుకే ఆ చోట ప్రైమర్ తీసేయాలి, అదీ పెయింట్ రిమూవర్‌తోనే. ఎమిరీ పేపరు వద్దు.

ఎందుకు వద్దో చెబుతాను. కాకినాడ, తాటిపాక వైపు పైపులైను పనులు చేసినవాళ్లకి డీపీ టెస్టు (పగుల్లోకి రంగు దూర్చి దాన్ని బయటపెట్టే డై పెనిట్రెంట్ పరీక్ష) కొత్త కాదు. వాళ్లు ఉక్కు మీద గ్రైండరు పెట్టి శుభ్రం చేసి ఎర్ర రంగు కొడతారు. ఆ అలవాటు ఇక్కడికి తెచ్చారో, పని చెడిందే. అల్యూమినియం మెత్తన. బ్రష్షు గీసినా, ఎమిరీ రుద్దినా లోహం జరిగి పగులు నోరు మూసుకుపోతుంది. లోపల పగులు అలాగే ఉంటుంది, టెస్టు మాత్రం పాసైపోతుంది.

డబ్బాలు అవే మూడు: క్లీనర్, పగుల్లోకి దూరే ఎర్ర పెనిట్రెంట్, ఆ రంగుని బయటికి లాగే తెల్ల డెవలపర్. మన దగ్గర చిక్కు వాతావరణంతోనే. పొద్దున్నే మొదలుపెడితే రేకు మీద చెమ్మ, పగుల్లో నీరుంటే రంగు దూరదు. మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద అల్యూమినియం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, రంగు ఎండిపోతుంది. డబ్బాల మీద మామూలుగా 50 డిగ్రీలకి అటూ ఇటూ హద్దు రాసి ఉంటుంది. చెమ్మ ఆరాక, ఎండ ముదరకముందు చేసుకోండి.

క్లీనర్ వేసి బాగా ఆరనివ్వండి. పెనిట్రెంట్ పూసి డబ్బా మీద రాసినంత సేపు, తక్కువలో తక్కువ పది నిమిషాలు వదిలేయండి. తుడిచేటప్పుడు క్లీనర్‌ని బట్టకి కొట్టి ఆ బట్టతో తుడవాలి. నేరుగా రేకు మీద కొడితే పగుల్లోని రంగు కూడా కడుక్కుపోతుంది. తర్వాత డెవలపర్ పలచగా. ఇక కదలకుండా చూస్తూ కూర్చోండి. మొదటి నిమిషంలో వచ్చే గీతే అసలు పొడవుకి దగ్గర. పది నిమిషాలకి రంగు పాకి గీత లావెక్కుతుంది, కొస చెదిరిపోతుంది. సన్నగా ఉండగానే ఫోటో తీసి, కొసకి పక్కన మార్కర్‌తో చుక్క పెట్టండి. పెన్సిల్ మాత్రం వద్దు, అల్యూమినియం మీద గ్రాఫైట్ మిగిలితే చెమ్మలో తుప్పు మొదలవుతుంది. ఉప్పుగాలి ఉన్నచోట ఇంకా త్వరగా.

ఇప్పుడు డ్రిల్లు. ఇది కొస దగ్గర పదును పోగొట్టి పగులుని ఆపే బొక్క. నంబర్ 30 బిట్టు, అంటే 3.26 మిల్లీమీటర్లు. హార్డ్‌వేర్ షాపులో 3.2 గానీ 3.3 గానీ ఇస్తారు. ప్రాక్టీసుకి ఏదైనా పర్లేదు, అసలు పనికి నంబర్ బిట్టే తెప్పించండి. బొక్క మధ్యబిందువు కనబడిన కొస మీద కాదు, దానికి కొంచెం ముందుకి పెట్టాలి. కంటికి ఆగినచోట లోహంలో పగులు ఆగదు. రెండు వైపులా బర్ (బొక్క అంచున లేచిన లోహపు పొరక) తీసి, మళ్లీ మొదటినుంచి డీపీ టెస్టు చేయండి. బొక్కకి అవతలి అంచున ఎరుపు కారిందా, కొస తప్పించుకున్నట్టే.

బొక్క వేశాం కదా అని ఎగరేయకూడదు, స్పార్‌కి బలం దాని మీద రివెట్లతో బిగించే అదనపు రేకు, అంటే డబ్లర్‌తోనే వస్తుంది. అన్నట్టు, ఆర్గాన్ వెల్డింగు పెట్టిద్దామని మన వైపు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. రొయ్యల చెరువు సామాన్లకి అది చెల్లుతుందేమో. స్పార్ రేకు సాధారణంగా 2024-టీ3 అనే గట్టి అల్యూమినియం మిశ్రమం, ఆ వేడికి దాని బలం పోతుంది, అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. కిటికీల షాపు అల్యూమినియం ముక్క కూడా వద్దు. అది 6063 రకం, 2024 బలంలో సగం కూడా ఉండదు. చేసిందంతా లాగ్‌బుక్కులో రాయండి. మన దేశంలో సొంతంగా కట్టిన విమానం ఎగరాలంటే డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి ఉండాలి, రిపేరు చేశాక కాగితాలు అడుగుతారు.

ఇంటిపని: ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకు ముక్క అంచున హాక్సా బ్లేడుతో గాటు పెట్టి, వైస్‌లో బిగించి, వెంట్రుకంత పగులు వచ్చేదాకా అటూ ఇటూ వంచండి. ఒక్కసారిగా విరిగితే ఇంకో ముక్క తీసుకుని ఈసారి తక్కువ వంచండి. దాని మీద పై పనంతా చేసి చూడండి. ఆ ముక్క పారేయకండి. క్లీనర్‌తో తుడిచి, తెల్ల కాగితంలో చుట్టి దాచండి. డబ్లర్ రివెట్లు వచ్చే పాఠంలో దాని మీదే కొడతాం.