డ్రైవ్ బెల్ట్ మార్చే ముందు జాగ్రత్తలు

డ్రైవ్ బెల్ట్ అంటే కారు ఇంజిన్ శక్తితో ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది), చాలా కార్లలో కూలెంట్ పంపు లాంటి వాటిని తిప్పే రబ్బరు పట్టీ. కొత్తది కొనడానికి విజయవాడ ఆటోనగర్‌కి బయల్దేరే ముందే పాత బెల్ట్ మీది నంబరు ఫోటో తీసుకోండి. 6పీకే 1750 అని ఉంటే 6 రిబ్బులు (బెల్ట్ పొడవునా ఉండే గట్లు), 1750 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. షాపులో "సర్దుకుంటుంది లెండి" అని కొంచెం పొడవుది ఇస్తే మొహమాటపడకుండా వద్దనండి. నంబరు చెరిగిపోతే కారు మోడల్, సంవత్సరం, ఇంజిన్ రకం చెప్పి అడగాలి. అరిగిన బెల్ట్‌ని టేపుతో కొలిచి కొనడం నమ్మదగ్గ పద్ధతి కాదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. తాళం తీసేయండి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. ఆ వైరు విప్పేదాకా చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగగలదు, వేళ్లు జాగ్రత్త.

బెల్ట్ ఏ పుల్లీ (బెల్ట్ చుట్టుకుని తిరిగే చక్రం) మీదుగా ఎలా వెళ్తోందో ఫోటో తీశాకే విప్పండి.

అన్నిటికంటే ముఖ్యం, బెల్ట్ తీశాక పుల్లీలను, టెన్షనర్‌ను (బెల్ట్‌ను బిగువుగా ఉంచే భాగం) చేత్తో తిప్పి చూడటం. గరగరమన్నా, ఊగినా ముందు అవి మార్చాలి. లేకపోతే కొత్త బెల్ట్ కూడా త్వరగా పాడవుతుంది. ఆయిల్, కూలెంట్ కారుతుంటే అదీ ముందే ఆపించండి. ఇప్పటి ఈపీడీఎమ్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) బెల్ట్‌లు పగుళ్లు రాకుండానే అరిగిపోతాయి, పైకి బాగుందని పాతదే బిగించేయకండి.

టెన్షనర్ లేకుండా తన సాగే గుణంతోనే బిగువుగా ఉండే స్ట్రెచ్ బెల్ట్ అయితే ఎక్కించడానికి ప్రత్యేక టూల్ కావాలి. స్క్రూడ్రైవర్‌తో ఎక్కిస్తే బెల్ట్ లోపలి తాళ్లు తెగొచ్చు.

కీచుమంటోందని బెల్ట్ మీద స్ప్రేలు కొట్టొద్దు. నడుస్తుండగా బ్యాటరీ లైటు వెలిగి, వేడి ముల్లు కూడా పైకెళ్తే బెల్ట్ తెగి ఉండొచ్చు, వెంటనే పక్కకి ఆపండి.