బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఇగ్నో ఎంసీఏ: బీకాం, బీఏ వాళ్లు దరఖాస్తు చేసే విధానం

బీకాం చదివి బెంగళూరులో ఏ బీపీఓలోనో, అకౌంట్స్ సెక్షన్‌లోనో పనిచేస్తున్న మనవాళ్లు ఎంసీఏ మాట ఎత్తగానే అడిగేది ఒకటే: "మాకు కంప్యూటర్ సైన్స్ లేదు కదా, సీటిస్తారా?" ఇస్తారు. ముందు చూసుకోవాల్సింది మాత్రం ఇంటర్‌లో మీది ఏ గ్రూపు అన్నది.

ఇగ్నో (ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్యలో ఇచ్చే ఎంసీఏకి బీసీఏ లాంటి కంప్యూటర్ డిగ్రీ వాళ్లే కాదు, బీఎస్సీ, బీకాం, బీఏ వాళ్లూ అర్హులే. కాకపోతే ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ మ్యాథ్స్ ఉండాలి. ఎంపీసీ, ఎంఈసీ వాళ్లకు టెన్షన్ లేదు. చిక్కంతా సీఈసీ, హెచ్‌ఈసీ, బైపీసీ వాళ్లకే. డిగ్రీలో బిజినెస్ మ్యాథ్స్ పేపరుంది, సరిపోతుందిలే అని నెట్ సెంటర్ కుర్రాడు అన్నాడని ఫీజు కట్టేయకండి. మార్కుల మెమో పెట్టి బెంగళూరు రీజనల్ సెంటర్‌కి ముందే మెయిల్ చేయండి. రిజిస్ట్రేషన్ ఫీజు ఒకసారి కడితే తిరిగి రాదు.

డిగ్రీలో కంప్యూటర్ సబ్జెక్టులు లేనివాళ్లు రెండు బ్రిడ్జి కోర్సులు అదనంగా పాసవ్వాలి. ఒకటి సీ, పైథాన్ ప్రోగ్రామింగ్. రెండోది డేటా స్ట్రక్చర్స్, ఆల్గారిథమ్స్. వీటిని చాలామంది శిక్షలా చూస్తారు. నన్నడిగితే బీకాం వాళ్లు మిగతా అన్నింటికన్నా ముందు చదవాల్సినవి ఇవే, ఇవి రాకపోతే తర్వాతి పేపర్లు తలకెక్కవు.

రెగ్యులర్‌గా చదవాలంటే కర్ణాటక పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. అక్కడ ప్రభుత్వ కోటా సీటుకి కర్ణాటకలో ఎన్నేళ్లు చదివారో చూస్తారు. అనంతపురంలోనో కర్నూలులోనో డిగ్రీ దాకా చదివి వచ్చినవాళ్లకు ఆ దారి ఇరుకే.

పేరు దగ్గరే తిరకాసు

2024 నుంచి దూరవిద్యలో చేరేవాళ్లకు డెబ్ ఐడీ అనే విద్యార్థి గుర్తింపు నంబర్ తప్పనిసరి. యూజీసీ దూరవిద్యా విభాగం పోర్టల్‌లో దాన్ని ఉచితంగా తీసుకోవచ్చు. దానికన్నా ముందు ఏబీసీ ఐడీ (చదువులో వచ్చిన క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబర్) కావాలి, అది డిజిలాకర్‌లో ఆధార్ వివరాలతో వస్తుంది. సరిగ్గా ఇక్కడే తెలుగువాళ్లు ఇరుక్కుంటారు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు ఒక్క అక్షరమై పేరు చివర ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకైతే ఇంటిపేరే మారిపోయి ఉండొచ్చు. పోర్టల్‌కి ఈ పేర్లన్నీ వేర్వేరు మనుషులవే. అందుకని ఐడీల జోలికి వెళ్లకముందే ఆధార్‌లో పేరును టెన్త్ మెమోలో ఉన్నట్టు మార్పించుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మొత్తం మీద రెండుసార్లే ఉంటుంది కాబట్టి స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసుకుని ఇవ్వండి.

ఫారం నింపేటప్పుడు

అడ్మిషన్లు ఏటా జనవరి, జులై సెషన్లకు రెండుసార్లు. చివరి తేదీ పొడిగించడం మామూలే. పొడిగిస్తారులే అని కూర్చుంటే ఆఖరి రోజు సర్వర్ మొరాయిస్తుంది.

దరఖాస్తు ఇగ్నో సమర్థ్ పోర్టల్‌లో. ఫొటో, సంతకం ఒక్కోటి 100 కేబీ లోపు, సర్టిఫికెట్లు 200 కేబీ లోపు ఉండాలి. ఫోన్‌తో తీసిన మెమోను కుదిస్తే మార్కులు అలికేసినట్టు అవుతాయి. స్కాన్ చేయించి, మీరు చదవగలుగుతున్నారో లేదో చూసుకుని అప్‌లోడ్ చేయండి.

రీజనల్ సెంటర్ అడిగిన చోట సొంతూరి అడ్రస్ చూసి విజయవాడ పెట్టేస్తుంటారు. ఎంసీఏలో ల్యాబ్ క్లాసులకు స్వయంగా హాజరు కావాలి, కాబట్టి మీరు ఉంటున్న బెంగళూరునే ఎంచుకోండి. స్టడీ సెంటర్ కూడా ఇంటికి దగ్గర్లోది చూసుకోండి. మారతహళ్లి నుంచి ఊరి అవతలి కొసకు శనివారం ట్రాఫిక్‌లో వెళ్లడం నాలుగు సెమిస్టర్లు సాగదు. పుస్తకాలు పోస్టులో వస్తాయి. ఆర్నెల్లకో పీజీ హాస్టల్ మారే అలవాటుంటే డిజిటల్ కాపీ చాలని టిక్ పెట్టండి. ప్రోగ్రాం ఫీజులో 15 శాతం తగ్గుతుంది కూడా.

డబ్బులు కట్ అయి ఫారంలో పడకపోతే వెంటనే రెండోసారి కట్టకండి. ఒకరోజు ఆగి స్టేటస్ చూడండి.

కట్టాక కూడా మెయిల్ చూస్తూ ఉండాలి, స్పామ్ ఫోల్డర్‌తో సహా. ఏదైనా సర్టిఫికెట్ సరిగా లేకపోతే రీజనల్ సెంటర్ మెయిల్ పెడుతుంది, గడువులోగా మళ్లీ అప్‌లోడ్ చేయాలి. అన్నీ సరిపోతే ఎన్‌రోల్‌మెంట్ నంబర్ వస్తుంది, ఐడీ కార్డు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. తర్వాతి సెమిస్టర్‌కి రీ-రిజిస్ట్రేషన్ మీరే చేసుకోవాలి. ఆ తేదీ దాటితే ఆర్నెల్లు వెనకబడినట్టే.