తుపాకులున్న దేశంలో కొత్త కాపురం

2016లో డాలస్ వచ్చిన కొత్తలో ఒక శనివారం పొద్దున కూరగాయలకని వెళ్లాను. నా పక్కనే పెద్ద టోపీ పెట్టుకున్న ముసలాయన టమాటాలు ఏరుకుంటున్నాడు. ఒక్కొక్కటీ తిప్పి, నొక్కి చూసి, మన అమ్మలు ఏరినట్టే. వంగినప్పుడు కనిపించింది, నడుముకి పిస్టల్. చుట్టుపక్కల ఒక్కరూ తల తిప్పి చూడలేదు. నేను మాత్రం బండి అక్కడే వదిలేసి పాల డబ్బాల వైపు జారుకున్నాను.

లైసెన్సు ఉన్నవాళ్లు పిస్టల్ పైకి కనిపించేలా పెట్టుకు తిరగొచ్చని టెక్సస్‌లో చట్టం అమల్లోకి వచ్చింది ఆ ఏడాది జనవరి 1నే. 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం వద్దనని వాళ్లకి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు. కొన్ని కొట్ల తలుపుల మీద 30.06, 30.07 అని అంకెలు వేసి, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అంగుళం ఎత్తు అక్షరాలతో బోర్డులుంటాయి. తుపాకీతో లోపలికి రావొద్దని దాని అర్థం. మొదటి ఆరు నెలలూ అవి అగ్నిమాపక శాఖ వాళ్ల బోర్డులనుకున్నాను నేను.

మనకి తుపాకీ అంటే బ్యాంకు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న గార్డు ఒళ్లో ఉండేది. లేదా ఎమ్మెల్యే వెనకాల నడిచే గన్‌మన్ దగ్గరుండేది. ఇక్కడ లెక్క వేరు. స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం అమెరికాలో మామూలు జనం చేతుల్లో దాదాపు 39 కోట్ల 30 లక్షల తుపాకులున్నాయి. జనాభా కంటే ఎక్కువ. అయినా నాకు సొంతంగా ఉంది అని చెప్పేది పెద్దవాళ్లలో సుమారు మూడో వంతే. అంటే ఉన్నవాళ్ల ఇళ్లలో ఒకటి కాదు, బీరువా నిండా ఉన్నాయన్నమాట.

కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎక్కువగా కాలు జారే చోటు ముందు చెబుతాను. షూటింగ్ రేంజ్, అంటే డబ్బు కట్టి తుపాకీ పేల్చే చోటు. లాంగ్ వీకెండ్ వస్తుంది, నలుగురు కుర్రాళ్లు కలుస్తారు, ఒకసారి పేల్చి చూద్దాం, ఫొటో దిగుదాం అంటారు. చదువుకి ఎఫ్-1, ఉద్యోగానికి హెచ్-1బీ, వాళ్ల కుటుంబానికి హెచ్-4, చుట్టపుచూపుకి విజిటర్ వీసా ఏదైనా సరే, నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద, అంటే కొంతకాలానికని వచ్చినవాళ్లు తుపాకీ కాదు కదా, ఒక్క తూటా దగ్గర పెట్టుకున్నా దేశమంతటా చెల్లే ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. మినహాయింపులు చాలా కొద్ది. వాటిలో మనలాంటివాళ్లకి పనికొచ్చేది, రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. కొనలేదుగా, అద్దెకి తీసుకుని పావుగంట పేల్చాం అంతేగా అంటే కుదరదు. చేతిలో పట్టుకోవడం కూడా 'దగ్గర ఉండటం' కిందకే వస్తుంది. 2022లో ఈ సెక్షన్ కింద గరిష్ఠ శిక్షని 15 ఏళ్లకి పెంచారు. తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లని కూడా దేశం నుంచి పంపించేయొచ్చు. కౌంటర్లో వాళ్లు వీసా సంగతి అడగలేదు కదా అని ధీమాగా ఉండకండి. అడగకపోవడం వాళ్ల తప్పు కావచ్చు, దొరికిపోయేది మీరు. అత్తమామలు చుట్టపుచూపుగా వచ్చినప్పుడు సరదాగా తీసుకెళ్దామన్న ఆలోచన ఉంటే, అది కూడా మానుకోండి.

రెహైఫ్ అనే పేరుతో 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. ఎమిరేట్స్ నుంచి ఫ్లోరిడాకి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు. మార్కులు తగ్గి యూనివర్సిటీ తీసేసింది, దాంతో వీసా హోదా పోయింది. ఆ తర్వాత రేంజ్‌కి వెళ్లి రెండు తుపాకులు పేల్చాడు. 18 నెలల జైలు శిక్ష పడింది. తన హోదా పోయిందన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాల్సిందేనని సుప్రీంకోర్టు ఆ శిక్షని పక్కన పెట్టింది. చివరికి గెలిచాడు అనుకోవచ్చు. ఒక మధ్యాహ్నం సరదాకి వాషింగ్టన్ దాకా లాయర్లని పెట్టుకుని తిరగాల్సి వచ్చింది మరి.

అపార్ట్‌మెంట్‌లో మీతో ఉండే అమెరికన్ రూమ్మేట్‌కి తుపాకీ ఉంటే, పైన చెప్పిన 'దగ్గర ఉండటం' మీ మీదికి రాకుండా, అది అతని గదిలో, తాళంలో ఉండాలి, తాళంచెవి అతని దగ్గరే ఉండాలి. మొహమాటపడకుండా మొదటి వారంలోనే మాట్లాడుకోండి.

ఇక పోలీసులు కారు ఆపినప్పుడు. మన దగ్గర ఎస్సై గారు చెయ్యి ఊపితే బండి దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లడం మర్యాద. ఇక్కడ అదే మర్యాద కొంప ముంచుతుంది. నాతో ఉండే కుర్రాడొకడు రాత్రి పదింటికి ఫ్రిస్కో దగ్గర హైవే పక్కన కారు ఆపి, అలవాటు కొద్దీ తలుపు తీసుకుని లైసెన్సుతో నాలుగడుగులు వేశాడు. వెనక కారులోంచి అరుపు, కళ్లలోకి దీపం, ఆఫీసరు చెయ్యి తుపాకీ పిడి మీద. వాడికి అర్థమయ్యేసరికి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చివరికి ఆ ఆఫీసరే నవ్వి, స్పీడు తగ్గించమని చెప్పి పంపేశాడనుకోండి. ఆయన వైపు నుంచి ఆలోచించండి: ఆపిన ప్రతి కారులోనూ తుపాకీ ఉండొచ్చనే దగ్గరికొస్తాడు. అందుకే కారులోనే ఉండండి, అద్దం దించండి, రాత్రయితే లోపలి లైటు వెయ్యండి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనపడేలా పెట్టండి. ఇన్సూరెన్సు కాగితం డ్యాష్‌బోర్డు అరలో ఉంటే, అక్కడుంది, తీయనా అని అడిగి అప్పుడు చెయ్యి పెట్టండి.

తలుపు తట్టడం గురించి కూడా చెప్పాలి. చెప్పాపెట్టకుండా పక్కింటికి వెళ్లి కూర్చునే అలవాటు మనది. 1992లో లూసియానాలోని బాటన్ రూజ్‌లో 16 ఏళ్ల జపాన్ విద్యార్థి హాలోవీన్ పార్టీకని పొరపాటున వేరే ఇంటి ముందుకి వెళ్లాడు. ఆ ఇంటాయన తుపాకీ తీసి కదలొద్దన్నాడు. పిల్లవాడికి ఆ మాట అర్థమైనట్టు లేదు, ముందుకొచ్చాడు. కాల్చిన మనిషిని క్రిమినల్ కోర్టులో జ్యూరీ వదిలేసింది. 2023లో కాన్సస్ సిటీలో తమ్ముళ్లని తీసుకురావడానికి వెళ్లి ఒక 16 ఏళ్ల కుర్రాడు ఇల్లు తప్పి వేరే బెల్లు కొట్టాడు. కాల్పుల్లో గాయపడి ఎలాగో బతికాడు. తన ఇంట్లో తనని కాపాడుకునే హక్కు గురించి ఇక్కడి చట్టాలు చాలా ఉదారంగా ఉంటాయి. టెక్సస్‌లోనైతే కొన్ని పరిస్థితుల్లో రాత్రిపూట దొంగతనం ఆపడానికి కూడా ప్రాణం తీసేంత బలం వాడొచ్చు. కాబట్టి చీకటి పడ్డాక అడ్రసు సరిగ్గా తెలియకపోతే రోడ్డు మీద నుంచే ఫోను చెయ్యండి. ఎవరి డ్రైవ్‌వేలోనూ కారు తిప్పుకోవద్దు. రోడ్డు మీద ఎవడో అడ్డంగా దూరితే హారన్ మోగించి, పక్కకొచ్చి చూపులతో తేల్చుకునే సరదా ఎయిర్‌పోర్టులోనే వదిలేసి రండి.

రాత్రి షిఫ్టు గ్యాస్ స్టేషన్ ఉద్యోగాల సంగతి చెప్పడానికి మనసొప్పదు. ఫీజులకీ అద్దెకీ చాలక చేసేవాళ్లున్నారు, దోపిడీల్లో ప్రాణాలు పోగొట్టుకున్న మన పిల్లలున్నారు. ఎఫ్-1 మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చెయ్యడం చట్టవిరుద్ధం అన్నది ఒకటి. అంతకన్నా పెద్దది, అలా చేసే పిల్లవాడు ఏదైనా జరిగితే పోలీసులకి ఫోను చెయ్యడానికి భయపడతాడు. ఆ సంగతి యజమానికీ తెలుసు, ఒక్కోసారి దొంగకీ తెలుసు. ఎవడైనా తుపాకీ చూపిస్తే డ్రాయర్‌లో ఉన్నదంతా ఇచ్చెయ్యండి, ఎదురు మాట్లాడకండి, మొహంలోకి తేరిపార చూడకండి. ఆ తర్వాత 911కి, అంటే ఇక్కడి అత్యవసర నంబరుకి, ఫోను. ముందు ఎక్కడున్నారో చెప్పండి, ఏం జరిగిందో తర్వాత. తీవ్రమైన నేరానికి గురై పోలీసులకి సహకరించినవాళ్లకి యూ-వీసా అని ఒకటుంది. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, క్యూ చాంతాడంత ఉంటుంది, అయినా ఆ దారి ఉందని తెలిసి ఉండాలి.

ఆఫీసులో లంచ్ దగ్గర ఈ చర్చ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎక్కడో స్కూల్లో కాల్పులు జరిగిన మర్నాడు తప్పకుండా వస్తుంది. మొదటి ఏడాది వినండి, తీర్పులు చెప్పకండి. మన వాట్సాప్ గ్రూపుల్లో 'వీళ్లకి బుద్ధి లేదు' అని తేల్చేసినంత తేలిక కాదిది. 1791లో రాజ్యాంగానికి చేర్చిన రెండో సవరణ ఒకే ఒక్క వాక్యం. మొదటి సగం పౌర సైన్యం గురించి, రెండో సగం ఆయుధాలు ఉంచుకునే జనం హక్కు గురించి. రెండు సగాల్లో ఏది ఏదాన్ని శాసిస్తుందన్నదే రెండు శతాబ్దాల గొడవ. ఇంట్లో పిస్టల్ పెట్టుకోవడం వ్యక్తి హక్కేనని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది. 2022లో బ్రూయెన్ తీర్పు ఆ హక్కుని ఇంటి గుమ్మం దాటించింది.

హక్కు వైపు మాట్లాడేవాళ్లలో నాకు బాగా అర్థమైంది మా టీములోని ఒకాయన వాదన. పశ్చిమ టెక్సస్‌లో వాళ్ల పశువుల క్షేత్రానికి షెరీఫ్ రావాలంటే 40 నిమిషాలు పడుతుంది. ఆ 40 నిమిషాలూ నన్నెవరు కాపాడతారు అంటాడు. దొంగ ఎలాగూ చట్టం చూసి కొనడు కదా అనీ అంటాడు. చికాగోలో తుపాకుల మీద అన్ని ఆంక్షలుండి ఏం ఒరిగింది, కాల్పులు ఆగాయా అని అడుగుతాడు. అవతలివాళ్ల జవాబు: చికాగో చుట్టూ గోడ లేదు. పోలీసులు పట్టుకున్న తుపాకుల్లో సగానికి పైగా వేరే రాష్ట్రాల్లో కొన్నవని ఆ నగరమే 2017లో లెక్క తేల్చింది, ఆ రాష్ట్రాల్లో అన్నిటికన్నా పెద్ద వాటా పొరుగునే ఉన్న ఇండియానాది. లైసెన్సున్న దుకాణంలో కొంటే 1993 నాటి బ్రేడీ చట్టం ప్రకారం మీ పూర్వాపరాలు చూస్తారు. ఒక మామూలు మనిషి దగ్గర కొంటే ఫెడరల్ చట్టం ఏమీ అడగదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం అడుగుతాయి. డాలస్ నుంచి న్యూజెర్సీకి మారినవాళ్లకి అది వేరే దేశంలా అనిపిస్తుంది.

అంకెలు ఎవరికీ పూర్తిగా లొంగవు. హింసాత్మక నేరాలు 1990ల మొదట్లో శిఖరానికి వెళ్లి, 2010ల నడిమికి దాదాపు సగానికి దిగాయి. ఆ కాలంలో తుపాకులు మాత్రం తగ్గలేదు. 2020లో మళ్లీ హత్యలు ఒక్క ఏడాదిలో దాదాపు 30 శాతం పెరిగాయి, ఆ ఏడాదే తుపాకుల అమ్మకాలూ విపరీతంగా పెరిగాయి. ఎవరికి కావలసిన ముక్క వాళ్లు కోసుకుంటారు. దీనికి తోడు, 1996లో ఇక్కడి పార్లమెంటు లాంటి కాంగ్రెస్ పెట్టిన షరతు వల్ల ప్రభుత్వ డబ్బుతో ఈ విషయం మీద పరిశోధన రెండు దశాబ్దాలకి పైగా ఎండిపోయింది. 2020 బడ్జెట్‌లో గానీ మళ్లీ నిధులు రాలేదు. ఉన్న అధ్యయనాలన్నీ జల్లెడ పట్టిన ర్యాండ్ అనే పరిశోధన సంస్థ గట్టిగా చెప్పగలిగినవి తక్కువే: పిల్లల చేతికి అందకుండా దాచాలనే చట్టాలు పిల్లల మరణాలని తగ్గిస్తాయి, వెనక్కి తగ్గే వీలున్నా కాల్చొచ్చనే చట్టాలు హత్యలని పెంచుతాయి. నన్నడిగితే, ఆ టమాటాల ముసలాయన పిస్టల్ లాక్కోవాలని నాకు లేదు. రాత్రి ఇంటికెళ్లాక ఆయన దాన్ని ఎక్కడ పెడతాడన్నదే నా బెంగ.

ఎందుకంటే 2021లో తుపాకీతో పోయిన 48,830 మందిలో 26 వేల పైచిలుకు ఆత్మహత్యలు. హత్యలు దాదాపు 21 వేలు, అవి కూడా ఎక్కువగా నగరాల్లో కొన్ని పేటల్లో పోగుపడినవే. మాల్స్‌లో, బార్లలో జరిగేవి మొత్తంలో చాలా చిన్న భాగం. అవి మనల్ని తాకలేదని కాదు. 2017లో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతేలో బారులో కాల్చి చంపింది హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీర్‌నే. 2023లో మా ఇంటికి దగ్గరలోనే ఆలెన్ మాల్‌లో పోయిన ఎనిమిది మందిలో మన అమ్మాయీ ఉంది. ఆ వారమంతా ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. కానీ ఉద్యోగం పోయి, వీసా హోదాకి మిగిలిన 60 రోజుల గడువు లెక్కపెట్టుకుంటూ గదిలో ఒంటరిగా కూర్చున్న రూమ్మేట్ గురించి మనం అంతగా నిద్ర పాడుచేసుకోం. అలాంటివాడు అందుబాటులో ఉంటే తిండికి పిలవండి, ఎలా ఉన్నావని సూటిగా అడగండి. చచ్చిపోవాలనిపించేవాళ్లకి సాయంగా 988 అనే నంబరుంది, దానికి ఏ గంటలో ఫోను చేసినా వినడానికి మనిషి ఉంటాడు.

పిల్లలున్నవాళ్లకి ఒక మాట. బళ్లో లాక్‌డౌన్ డ్రిల్లు ఉంటాయి. మావాడు కిండర్‌గార్టెన్‌లో ఉండగా ఒక రాత్రి పప్పన్నం తింటూ, ఇవాళ టీచర్ లైట్లార్పేసింది, మేమంతా కిటికీకి దూరంగా మూల కూర్చున్నాం, నాకు తుమ్మొచ్చినా ఆపుకున్నాను అని గొప్పగా చెప్పాడు. నేనూ మా ఆవిడా మొహాలు చూసుకున్నాం. మెచ్చుకున్నాం, ఇంకేం చేస్తాం.

ఆ నెలలోనే వాడిని పక్క వీధి స్నేహితుడి ఇంటికి ఆడుకోవడానికి పంపాల్సి వచ్చింది. ఇంట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉంటుందా అని ఆ తండ్రిని అడగమని పిల్లల డాక్టరు చెప్పి ఉంది. మూడుసార్లు ఫోను తీసి మూడుసార్లూ పెట్టేశాను. చివరికి అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు. రమ్మని గ్యారేజీలోకి తీసుకెళ్లి, గోడకి బిగించిన ఇనప్పెట్టె చూపించాడు. తాళంచెవులు తన గొలుసుకే ఉన్నాయి. పెట్టె మీద తట్టి, ఇప్పుడు నా వంతు అన్నాడు.

"మీ పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉందిగా, దానికి గేటుందా?"

లేదు. ఆ వారమే పెట్టించాను.