లామినేటెడ్ రూఫ్ గ్లాసులో ఎల్‌ఈడీల చుట్టూ బుడగలు: నాకు పనిచేసిన పద్ధతి

ఆటోక్లేవ్ (వేడి, ప్రెషర్‌తో గ్లాసు పొరలను అతికించే మూసిన యంత్రం) నుంచి తీసినప్పుడు గ్లాసు శుభ్రంగానే ఉండేది. 100 డిగ్రీల బేక్ పరీక్షలో మాత్రం ఎల్‌ఈడీల అంచున బుడగలు తేలేవి. వాక్యూమ్, ప్రెషర్ పెంచినా, పీవీబీ (రెండు గ్లాసుల మధ్య వాటిని అతికించే ప్లాస్టిక్ పొర) మార్చినా లాభం లేదు.

చివరికి కుదిరింది ఇలా. 0.38 మి.మీ. పీవీబీ షీట్లు మూడు తీసుకున్నాను. కింది షీటు మీద ఫ్లెక్స్ సర్క్యూట్ (ఎల్‌ఈడీలు బిగించిన, వంగే పలుచని సర్క్యూట్) పరిచి, 0.35 మి.మీ. ఎత్తున్న ఎల్‌ఈడీలకు మధ్య షీటులో కిటికీలు కోశాను. చుట్టూ ఖాళీ 0.2 మి.మీ. మించకూడదు, మించితే పీవీబీ పారి నింపలేదు. గది వేడిమిలోనే వాక్యూమ్ బ్యాగులో అరగంట గాలి లాగి, తర్వాతే వేడి పెట్టాలి. ముందే వేడెక్కితే అంచులు అతుక్కుని గాలికి దారి మూసుకుపోతుంది. ఆటోక్లేవ్ 135 డిగ్రీలు, 12 బార్. అసలు కీలకం ఇక్కడే: గ్లాసు 45 డిగ్రీలకు దిగాకే ప్రెషర్ వదలాలి.

వంపు ఎక్కువున్న గ్లాసుకు, ఎత్తైన ఎల్‌ఈడీలకు ఈ కొలతలే సరిపోతాయని చెప్పలేను.