ఆర్‌సీ విమానం పల్టీ కొట్టనంటోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) ట్రైనర్ విమానం చేతికి అలవాటయ్యాక ఎవరికైనా మనసు లూప్‌లు (గాలిలో నిలువు చక్రం కొట్టడం), రోల్స్ (పక్కకు పొర్లడం) మీదికి పోతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. విమానం మాట వినకపోతే చాలామంది తమ చేతినే తిట్టుకుంటూ నెలల తరబడి దానితోనే కుస్తీ పడతారు. చాలాసార్లు లోపం చేతిలో ఉండదు. ఆ విమానాన్ని ఆ పనికి తయారుచేయలేదు, అంతే. కొన్ని లోపాలు సెట్టింగ్‌తో పోతాయి, కొన్నిటికి విమానం మార్చడమే మందు. ఏది ఏ రకమో తేల్చుకున్నాకే డబ్బు తీయండి.

తలకిందులుగా నిలవడం లేదు

ముందు రిసీవర్‌లో (విమానంలో రేడియో సిగ్నల్ అందుకునే పెట్టె) స్టెబిలైజర్ (విమానాన్ని దానంతట అదే నిలకడగా ఉంచే పరికరం) ఉందేమో చూడండి. ఆటో లెవెల్ ఆన్‌లో ఉంటే స్టిక్ చివరిదాకా నెట్టినా విమానం కొంత ఒరిగి ఆగిపోతుంది. ఆ మోడ్‌ను ఒక స్విచ్‌కి పెట్టుకుని, ఆపేసి మళ్లీ ప్రయత్నించండి.

అయినా తిరగబడగానే కిందికి జారిపోతుంటే విమానాన్ని టేబుల్ మీద పెట్టి ఎదురుగా నిలబడి చూడండి. రెక్కలు రెండూ చివర్లలో పైకి లేచి ఉంటే అది డైహెడ్రల్. ఒరిగిన విమానం తనంతట తానే సర్దుకోవడానికి చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు రెక్కను చివరి నుంచి చూడండి. అడుగు చదునుగా, పైభాగం ఉబ్బుగా ఉంటే ఆ రెక్క మామూలుగా ఎగిరేటప్పుడే బాగా పనిచేస్తుంది. తిరగేస్తే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) స్టిక్‌ను గట్టిగా తోసి పట్టుకోవాల్సిందే. ఈ రెండూ ఉన్న విమానానికి ఏ ట్రిమ్ (స్టిక్ వదిలినా తిన్నగా పోవడానికి చేసే చిన్న సర్దుబాటు) మార్చినా ప్రయోజనం లేదు. దాన్ని నేర్చుకునేవాళ్లకు ఇచ్చేయండి, బాగా పనికొస్తుంది.

మీకు కావలసింది పైనా కిందా ఒకే వంపు ఉన్న సిమ్మెట్రికల్ రెక్క. అది బాడీకి మధ్యలోనో కాస్త కిందగానో, తిన్నగా ఉండాలి. ఎక్స్‌ట్రా 300, ఎడ్జ్ 540, యాక్ 54, సుఖోయ్ 26 నమూనాలు ఈ సరదాలో ఇంతగా కనబడేది అందుకే. అసలు విమానాలే విన్యాసాల కోసం పుట్టాయి.

రెక్క సరైనదై ఉండి కూడా తిరగేస్తే ముక్కు దిగుతుంటే అప్పుడు సీజీ (గురుత్వ కేంద్రం, అంటే విమానం బరువు సమంగా తూగే చోటు) సంగతి చూడాలి. దీనికి తొందరపడకండి, సగం విమానాలు ఇక్కడే బాగుపడతాయి. బ్యాటరీ లోపల పెట్టి, ఎగరడానికి సిద్ధం చేశాకే కొలవాలి. తయారీదారు చెప్పిన కొలత ఉంటే అదే తీసుకోండి. లేకపోతే, రెక్క మొదలు నుంచి చివరిదాకా ఒకే వెడల్పుంటే, ఆ వెడల్పులో 25 నుంచి 30 శాతం దగ్గర మొదలుపెట్టండి. అంటే 22 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్కకు ముందంచు నుంచి సుమారు 6 సెంటీమీటర్లు. అక్కడ రెండు వైపులా చిన్న టేప్ ముక్కలు అంటించి, వాటి కింద వేళ్లు ఆనించి లేపి చూడండి. విమానం సమంగా నిలవాలి.

తర్వాత గాలిలో పరీక్ష. మంచి ఎత్తులో విమానాన్ని 45 డిగ్రీల వాలున పైకి పంపి, సగం రోల్‌తో తిరగేసి, ఎలివేటర్ స్టిక్ వదిలేయండి. కాసేపు అదే దారిన పోయి మెల్లగా నేల వైపు వాలితే సీజీ బాగున్నట్టే. వదలగానే నేల వైపు వంగితే ముక్కు బరువైంది, బ్యాటరీని ఓ 5 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి మళ్లీ చూడండి. ఆకాశం వైపు లేస్తే తోక బరువైంది. వెంటనే దింపి బ్యాటరీ ముందుకు జరపండి, ఆ స్థితిలో ఇంకో విన్యాసం వద్దు.

లూప్ పైకెక్కేసరికి ఊపిరి ఆగిపోతోంది

బరువుకు తగ్గ థ్రస్ట్ (ప్రొపెల్లర్ విమానాన్ని లాగే బలం) లేదు. లెక్క ఊహించుకోకుండా కొలిచి చూడండి. తోకకు తాడు కట్టి, లగేజీ తూచే వేలాడే కాటాకు తగిలించి, ఒకరు విమానాన్ని వెనక నుంచి పట్టుకోగా ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. ప్రొపెల్లర్ ముందూ పక్కలా ఎవరూ ఉండకూడదు. మన దగ్గర తెగ వాడే ఎ2212 1000 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు) మోటార్, 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ, 10x4.5 (10 అంగుళాల) ప్రొపెల్లర్‌తో సుమారు 800 గ్రాములు లాగుతుంది. విమానం 700 గ్రాములుంటే లూప్ వస్తుంది కానీ ముక్కు పైకెత్తి గాలిలో వేలాడదీసే హోవర్ మాత్రం అతికష్టం. హోవర్ కావాలంటే బరువుకు ఒకటిన్నర రెట్ల థ్రస్ట్ ఉండాలి.

పెద్ద మోటార్ కొనే ముందు బరువు తగ్గించండి. 2200 ఎంఏహెచ్ బదులు 1300 బ్యాటరీ పెడితేనే సుమారు 60 గ్రాములు పోతాయి. కోరో షీట్‌తో (సైన్‌బోర్డులకు వాడే గుల్ల ప్లాస్టిక్ షీట్) చేసిన విమానమైతే ఆశ వదులుకోండి. దెబ్బలకు అది గట్టిదే, విన్యాసాలకు మాత్రం బరువు. డెప్రాన్, బయోఫోమ్, ఈపీపీ లాంటి తేలిక ఫోమ్ వెతకండి.

గట్టిగా లాగగానే ఒక రెక్క పడిపోతోంది

రెక్క మీద భారం ఎక్కువైంది. మొత్తం బరువును రెక్క వైశాల్యంతో భాగించండి. మీటరు పొడవు, సగటున 22 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్కంటే 22 చదరపు డెసీమీటర్లు. 700 గ్రాముల విమానానికి చదరపు డెసీమీటరుకు సుమారు 32 గ్రాములు పడుతుంది. ఈ సైజులో ఆ పరిసరాల్లో ఉంటే మంచిది, 40 దాటితే నాకు నచ్చదు. అందానికి మురిసి మస్టాంగ్ లాంటి యుద్ధ విమానం నమూనా కొన్నవాళ్లకు ఈ బాధ ఎక్కువ. ఎలివేటర్ కదలిక తగ్గిస్తే కొంత ఉపశమనం ఉంటుంది, అంతకు మించి దారి లేదు.

నైఫ్ ఎడ్జ్‌లో దారి తప్పుతోంది

నైఫ్ ఎడ్జ్ అంటే ఒక రెక్క నేల వైపు, ఇంకోటి ఆకాశం వైపు ఉండేలా పక్కకు ఒరిగి ఎగరడం. అందులో రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే నిలువు తోక పలక) నొక్కగానే విమానం పొట్ట వైపు తిరిగిపోతుంటే, చేతిలోని రేడియోలో రడ్డర్‌కు కొద్ది శాతం అప్ ఎలివేటర్ మిక్స్ (ఒకటి కదిపితే రెండోదీ కొంత కదిలే సెట్టింగ్) పెట్టండి. ఒరిగిపోతుంటే ఎదురు ఐలరాన్ (విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క పలక) మిక్స్. ఫుల్ రడ్డర్ ఇచ్చి, థ్రాటిల్ పెంచినా ఎత్తు నిలవకపోతే బాడీ సన్నంగానో, రడ్డర్ చిన్నదిగానో ఉన్నట్టు. ఈసారి కొనేటప్పుడు పక్క నుంచి బాడీ లోతుగా కనిపించేది తీసుకోండి.

స్టిక్ ముట్టుకుంటే చాలు ఎగిరిపడుతోంది

రేడియోలో డ్యూయల్ రేట్ (స్విచ్‌తో పలకల కదలికను తగ్గించే, పెంచే సెట్టింగ్), ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు స్పందనను మెత్తబరిచే సెట్టింగ్) పెట్టండి. ఎక్స్‌పో తక్కువ కదలికకు 30 శాతం, హోవర్ లాంటి త్రీడీ విన్యాసాలకు పెట్టే పెద్ద కదలికకు 50 నుంచి 60. అయినా తగ్గకపోతే పైన చెప్పిన సీజీ పరీక్ష మళ్లీ చేయండి.

విన్యాసం మధ్యలో ఒక్క క్షణం కంట్రోల్ పోయి, మళ్లీ వస్తోంది

దీన్ని సిగ్నల్ సమస్య అనుకుని వదిలేయకండి, టెన్షన్ పడాల్సిన లక్షణమే. నాలుగు సర్వోలు (పలకలను కదిలించే చిన్న మోటార్లు) ఒక్కసారి గట్టిగా తిరిగినప్పుడు చవక ఈఎస్‌సీలోని (మోటార్ వేగాన్ని నియంత్రించే పరికరం) బీఈసీ (రిసీవర్‌కూ సర్వోలకూ కరెంట్ ఇచ్చే భాగం) అంత కరెంట్ ఇవ్వలేకపోతే రిసీవర్ ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. ప్రొపెల్లర్ తీసేసి, రెండు స్టిక్‌లనూ ఒక నిమిషం పాటు అటూ ఇటూ తిప్పుతూ రిసీవర్ లైట్ చూడండి. లైట్ మినుకుమన్నా, ఈఎస్‌సీ చేత్తో ముట్టుకోలేనంత కాలినా, 5 ఆంపియర్ల విడి యూబీఈసీ (ఈఎస్‌సీకి బయట ఉండే బీఈసీ) పెట్టి, ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వచ్చే ఎర్ర వైరు పిన్ తీసేయండి.

కొత్తది కొనేవాళ్లకు నా మాట: మీటరు నుంచి 1.2 మీటర్ల ఈపీపీ విమానం తీసుకోండి. కిందపడితే అతికించుకోవచ్చు. ఇంకా చిన్నవి గాలికి ఊగిపోతాయి, మన దగ్గర ఉదయం దాటాక గాలి లేస్తే వాటితో ఏమీ నేర్చుకోలేరు. డబ్బు కట్టే ముందు షాపువాళ్లను అడగాల్సినవి బ్యాటరీతో కలిపి బరువు, రెక్క వైశాల్యం, ఏ మోటార్‌కు ఎంత థ్రస్ట్ వస్తుందన్నది. ఆ మూడూ చెప్పలేకపోతే వేరే షాపు చూసుకోండి.