త్రీ నాట్ ఎయిట్ ఉండగా క్రీడ్‌మూర్‌కి మారాలా? తేల్చుకునే పద్ధతి

సెప్టెంబరు వచ్చిందంటే చాలు, టెక్సాస్‌లో వేటకెళ్ళే మా తెలుగువాళ్ళ నుంచి ఒకటే ఫోన్. “అన్నా, క్రీడ్‌మూర్ అని కొత్త రౌండ్, అదే తూటా, అదిరిపోతోందంట, నా త్రీ నాట్ ఎయిట్ రైఫిల్ అమ్మేసి దాని రైఫిల్ తీసేసుకోనా?” నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: ఇప్పుడున్న రైఫిల్‌తో నీ గురి ఎప్పుడు తప్పింది, ఎంత దూరంలో తప్పింది, ఎందుకు తప్పింది? ఈ మూడింటికీ జవాబుంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే రైఫిల్ కొనకముందు ఒక చిన్న నోట్‌బుక్ కొనండి. రేంజ్‌కి వెళ్ళిన ప్రతిసారీ దూరం, గాలి, ఎన్ని రౌండ్లు కాల్చారు, ఎక్కడ తగిలాయి, ఇవన్నీ అందులో రాసుకోండి. రెండు నెలల్లో మీ లోటేంటో మీ చేతిరాతలోనే కనిపిస్తుంది.

ఉదాహరణకి అందరికీ తెలిసిన ఈ తూటాల జంటనే తీసుకుంటాను. .308 విన్చెస్టర్ (మనం త్రీ నాట్ ఎయిట్ అనేది ఇదే) 1952లో వచ్చింది, 6.5 క్రీడ్‌మూర్‌ని హార్నడీ కంపెనీ 2007లో తెచ్చింది. ఈ రెంటినీ వంటింటి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి చూడండి. అడుగు భాగం కొలత రెంటికీ ఒకటే. క్రీడ్‌మూర్ ఇత్తడి కేసు, అంటే మందు నింపే డొప్ప, మాత్రం రెండు మిల్లీమీటర్ల పైచిలుకు పొట్టి, భుజం, అంటే కేసు మెడ వైపు సన్నబడే చోటు, కాస్త నిటారుగా ఉంటుంది, మూతి దగ్గర బుల్లెట్ సన్నగా, పొడుగ్గా, కొన చెక్కిన పెన్సిల్‌లా ఉంటుంది. అసలు కిటుకంతా ఆ పొట్టి కేసులోనే ఉంది. కేసు పొట్టిది కాబట్టి పొడవాటి బుల్లెట్‌ని లోపలికి కుక్కకుండానే అదే సైజు మ్యాగజైన్‌లో పట్టించొచ్చు. 1997లో వచ్చిన .260 రెమింగ్టన్ కూడా ఇదే 6.5 మిల్లీమీటర్ల బుల్లెట్‌ని ఇంచుమించు ఇదే వేగంతో పంపేది. కానీ దాని కేసు .308 నుంచే వచ్చింది, పొడుగ్గా ఉండేది, అందువల్ల పొడవాటి బుల్లెట్ మ్యాగజైన్‌లో ఇరుగ్గా ఉండేది. క్రీడ్‌మూర్ ఆ ఇబ్బంది తీర్చింది, దానికి తోడు పోటీలకి పనికొచ్చే మంచి మ్యాచ్ తూటాలు మొదటి నుంచీ షాపుల్లో దొరికేలా చూసుకున్నారు. అందుకే ఇది నిలబడింది, అది వెనకబడింది.

కాబట్టి ఏ కొత్త తూటా వచ్చినా వేగం అంకె జోలికి పోకుండా, ఇది పాతదాంట్లో ఉన్న ఏ ఇబ్బందిని తీర్చడానికి పుట్టిందో ముందు కనుక్కోండి. బ్యారెల్‌లో మెలిక ఎంతుందో కూడా చూడండి, అంటే బుల్లెట్ ఒక పూర్తి చుట్టు తిరగడానికి ఎన్ని అంగుళాల గొట్టం పడుతుందో. క్రీడ్‌మూర్‌కి మామూలుగా 8 అంగుళాలకి ఒక చుట్టు, .308కి 10 నుంచి 12. బుల్లెట్ పొడవయ్యేకొద్దీ మెలిక గట్టిగా ఉండాలి, అంటే ఆ అంగుళాల అంకె తగ్గాలి, లేకపోతే అది గాల్లో వంకర తిరుగుతుంది. 1955లో .243 విన్చెస్టర్, .244 రెమింగ్టన్ రెండూ ఒకే ఏడాది వచ్చాయి, బుల్లెట్ లావూ ఒకటే. .243కి 10 అంగుళాల మెలిక పెట్టారు, .244కి 12 పెట్టారు. జింకల వేటకి బరువైన, అంటే పొడవైన బుల్లెట్ కావాలనుకున్నవాళ్ళంతా .243 వైపు వెళ్ళిపోయారు. 1963లో .244కి మెలిక బిగించి, 6ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి మళ్ళీ తెచ్చారు, అయినా పోయిన మార్కెట్ తిరిగి రాలేదు. తూటాలో తప్పేమీ లేదు, గొట్టం మెలిక దగ్గరే దెబ్బతింది.

ఇక దూరం. ఎక్కువమంది తమని తాము మోసం చేసుకునేది ఇక్కడే. మేం వెళ్ళే టెక్సాస్ హిల్ కంట్రీలో జింకలకి మేత వేసే ఫీడర్ నుంచి మనం దాక్కుని కూర్చునే బ్లైండ్ దాకా 100 గజాలు, మహా అయితే 150. ఆ దూరంలో తెల్లతోక జింకకి ఈ రెండు తూటాల్లో ఏది తగిలిందో తేడా తెలియదు, సరైన చోట తగిలిందా లేదా అన్నదే లెక్క. రెండు రైఫిళ్ళ గురినీ 200 గజాలకి సెట్ చేసి, క్రీడ్‌మూర్‌లో 143 గ్రెయిన్ల (బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో కొలుస్తారు) బుల్లెట్, .308లో 178 గ్రెయిన్లది కాల్చి చూస్తే 300 గజాల దగ్గర కిందికి పడటంలో తేడా ఒక అంగుళం, అటూఇటూగా. ఆ అంగుళం కోసం కొత్త రైఫిల్ కొనడం నాకైతే దండగ. 500 గజాల దగ్గర, గంటకి 10 మైళ్ళ అడ్డగాలి వీస్తుంటే, క్రీడ్‌మూర్ మూడు నాలుగు అంగుళాలు తక్కువ పక్కకి జరుగుతుంది. స్టీల్ ప్లేట్ల మీద కాల్చేవాళ్ళకి అది పనికొచ్చే తేడానే. 1000 గజాలకి వెళ్తే ఇక పోలికే ఉండదు, .308 బుల్లెట్ ధ్వని వేగం దరిదాపుల్లోకి పడిపోతుంది, క్రీడ్‌మూర్‌కి ఇంకా ఊపు మిగిలి ఉంటుంది. మీరు నిజంగా కాల్చే దూరం ఎంతో నోట్‌బుక్ తీసి చూడండి. కాల్చాలని కలలుగనే దూరం ఇక్కడ లెక్కలోకి రాదు.

నన్ను అడిగితే మారడానికి అన్నిటికన్నా బలమైన కారణం తన్ను, అంటే పేలినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి తోసే దెబ్బ. ఒకే బరువున్న రైఫిళ్ళలో క్రీడ్‌మూర్ తన్ను .308 కన్నా పావు వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ. చెప్తే చిన్న విషయంలాగే ఉంటుంది. మా బావమరిది మంచి షూటరే, మొదటి పది రౌండ్లూ అర్ధ రూపాయి బిళ్ళంత జాగాలో పెడతాడు, రెండో పెట్టె మొదలయ్యేసరికి చెల్లాచెదురు. స్కోప్ వదులైందన్నాడు, మౌంట్ మార్పించాడు, రెండు కంపెనీల తూటాలు మార్చి చూశాడు. ఒక శనివారం పొద్దున అతను అటు తిరిగి ఉండగా మ్యాగజైన్ నేను నింపి, అసలు రౌండ్ల మధ్యలో పేలని డమ్మీ తూటా ఒకటి పెట్టాను. నాలుగోసారి ట్రిగ్గర్ నొక్కితే టక్ మని చప్పుడు తప్ప ఏమీ పేలలేదు, కానీ గొట్టం మూతి మాత్రం రెండు అంగుళాలు కిందికి కుంగింది, కళ్ళు గట్టిగా మూతబడ్డాయి. పేలకముందే భుజం బెదిరిపోతోందన్నమాట. అతనికది కనబడ్డాక ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత అతను క్రీడ్‌మూర్‌కి మారాడు, ఇప్పుడు మూడో పెట్టెలో కూడా గురి చెదరట్లేదు. ఆ డబ్బు సద్వినియోగమైందని నేను ఎక్కడైనా చెప్తాను.

మీరూ ఈ పరీక్ష చేయించుకోండి. మ్యాగజైన్ మాత్రం వేరేవాళ్ళే నింపాలి, పేలకపోయినా గొట్టం టార్గెట్ వైపే ఉండాలి. భుజం బెదురుతోందని తేలితే వెంటనే రైఫిల్ మార్చేయనక్కర్లేదు, ముందు తన్ను తగ్గించే మెత్తటి రీకాయిల్ ప్యాడ్, గొట్టం మూతికి బిగించే మజిల్ బ్రేక్ లాంటివి ప్రయత్నించండి. వాటితో సర్దుకోకపోతే అప్పుడు తూటా సంగతి ఆలోచించొచ్చు.

తూటా దొరకడం గురించి కూడా కొంచెం ఓపిగ్గా చూసుకోవాలి. మీరుండే సిటీలోని పెద్ద షాపులో కాదు, వేటకెళ్ళే ఊరి దారిలో ఉన్న చిన్న షాపుల్లో చూడండి. అక్కడ ఆ తూటా ఉందా, ఉంటే ఎన్ని కంపెనీలవి, ఎన్ని బరువుల్లో? ఒకే కంపెనీ పెట్టెలు కనబడితే ఒకటి రెండేళ్ళు ఆగండి, కొంపలేం మునిగిపోవు. నా స్నేహితుడు ఒకడు పొట్టి మ్యాగ్నమ్ తూటా వాడే రైఫిల్ ఒకటి ముచ్చటపడి కొన్నాడు, 2020, 2021ల్లో తూటాల కరువు వచ్చినప్పుడు ఏడాది పొడుగునా వాడికి ఒక్క పెట్టె దొరకలేదు. సీజన్‌లో నా పాత .308 అడిగి పట్టుకెళ్ళాడు. ఆ కరువులో .308 మాత్రం సులువుగా దొరికిందా అంటే లేదు, కానీ వెతికితే ఎక్కడో ఒకచోట దొరికేది. క్రీడ్‌మూర్ ఇప్పుడు ఆ స్థాయికి వచ్చేసింది, దాదాపు ప్రతి కంపెనీ చేస్తోంది. 2018లో వచ్చిన 6.5 పీఆర్‌సీ, 2022లో వచ్చిన 7ఎంఎం పీఆర్‌సీ లాంటి కొత్త తూటాలకీ ఇదే షాపు పరీక్ష పెట్టండి.

బ్యారెల్ అరుగుదల గురించి జనం అనవసరంగా టెన్షన్ పడతారు. మ్యాచ్‌కి పనికొచ్చే గురి కావాలంటే క్రీడ్‌మూర్ గొట్టం 2,000 నుంచి 3,000 రౌండ్లు వస్తుంది, .308 గొట్టం 5,000 దాటినా పని చేస్తుంది. ఏడాదికి వంద రౌండ్లు కాల్చే వేటగాడికి ఇదొక సమస్యే కాదు, ఇరవై ఏళ్ళ మాట. వారం వారం పోటీలకి వెళ్ళేవాళ్ళు మాత్రం ఆ ఖర్చు ముందే వేసుకోవాలి.

కొన్నిసార్లు మారాలా వద్దా అన్నది చట్టమే చెప్తుంది. ఒహాయోలో రైఫిల్‌తో జింకల వేటకి తిన్నని కేసు ఉన్న తూటాలే వాడాలి, మెడ దగ్గర సన్నబడే .308, క్రీడ్‌మూర్ రెండూ పనికిరావు. 2019లో విన్చెస్టర్ తెచ్చిన .350 లెజెండ్ అలాంటి చోట్ల కోసమే. అక్కడికి మకాం మారుస్తుంటే అలాంటి తూటా అవసరమే. ఇంకో మాట, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ముందు వీసా సంగతి చూసుకోండి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా వాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ ఉంచుకోకూడదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప. లాయర్‌ని అడిగాకే షాపు మెట్లెక్కండి. ఇక ఇండియాలో ఉన్నవాళ్ళకి ఈ చర్చ వర్తించదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ వేట నిషేధం.

అన్నీ చూసుకుని మారాలనే తేలితే, రైఫిల్ అమ్మే ముందు తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌ని ఒక మాట అడగండి. .308కీ క్రీడ్‌మూర్‌కీ అడుగు కొలత ఒకటే కాబట్టి చాలా బోల్ట్ యాక్షన్ రైఫిళ్ళకి (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగేవి) గొట్టం ఒక్కటి మారిస్తే సరిపోతుంది, బోల్టూ మ్యాగజైనూ స్కోపూ పాతవే ఉంటాయి. మార్చాక ఇంట్లో మిగిలిన పాత తూటాలు వేరే పెట్టెలో పెట్టి తాళం వేయండి. రెండు రకాలూ ఒకే బెంచి మీదకి ఎప్పుడూ తీసుకురావద్దు, ఒకదాని ఛాంబర్‌లో ఇంకోటి పెట్టడం ప్రాణం మీదకి వచ్చే పని. గొట్టం మీద చెక్కిన పేరూ తూటా అడుగున ఉన్న పేరూ ఒకటేనా అని ప్రతిసారీ చదువుకోండి.

నా .308ని నేను అమ్మలేదు. 150 గజాలకి అదెప్పుడూ నాకు లోటు చేయలేదు. దాని గొట్టం అరిగిపోయిన రోజు క్రీడ్‌మూర్ గొట్టం వేయిస్తాను, ఈలోపు ఈ నవంబరు మొదటి శనివారానికి నాలుగు పెట్టెల .308 తెచ్చి పెట్టుకున్నాను.